పెరటి తోట: రావికమతంలో ఊరని నీరుల్లి



వానలు వెనకపట్టాయి. తెల్లవారుజామున గడ్డిమీద మంచు పడే రోజులు వస్తున్నాయి. కార్తీకమాసం దగ్గర పడింది, అంటే మన పెరళ్ళలో నీరుల్లి నారు పొయ్యవలసిన వేళ అయిందన్నమాట. ఈ నెల కాకరపాదు గురించి రాద్దామనుకుని కూర్చున్నాను. ఇంతలో రావికమతం నుంచి ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి రాసిన ఉత్తరం వచ్చింది. దానికి జవాబు చెప్పకుండా కాకర జోలికి పోవటానికి నాకు మనసొప్పలేదు.

రావికమతం అనకాపల్లి జిల్లాలో, నర్సీపట్నం రెవెన్యూ డివిజనులో ఉన్నది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడే దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. చెరకు పండే నేల అది. ఒక పక్కకు తిరిగి చూస్తే తూర్పు కనుమల కొండలు కనబడతాయి. ఇక ఆ అమ్మాయి ఉత్తరం చూడండి.

"మా చిన మావయ్య అమెరికాలో మిన్నెసోటా అనే చోట ఉంటాడు. కిందటేడు దసరాకు వచ్చినప్పుడు ఒక పొట్లం ఉల్లి విత్తనాలు తెచ్చాడు. పొట్లంమీద బొమ్మలో గడ్డ కొబ్బరికాయంత ఉన్నది. మా నాన్న ఏటా ఇంటి పక్క అయిదు సెంట్లలో ఊళ్ళో దొరికే విత్తనమే వేస్తాడు. నేను పట్టుబట్టి మావయ్య విత్తనాలు వేయించాను. నారు నేనే పోశాను. నాటింది, నీళ్ళు పెట్టింది కూడా నేనే. ఆకులు నా మోకాలి దాకా పెరిగాయి. ఏప్రిల్‌లో పీకి చూస్తే అడుగున గడ్డ లేదు! పక్కింటివాళ్ళ మడిలో మామూలు ఉల్లి పిడికిలంత ఊరింది. ఎండాకాలమంతా మేము ఉల్లిపాయలు కొనుక్కున్నాం. మా నాయనమ్మ 'దీని చేతివాసి మంచిది కాదు, ఇక దీని చేత నారు పోయించకండి' అన్నది. మా నాన్న ఏమీ అనలేదు. ఇప్పుడు మళ్ళీ మడి కడుతున్నాడు. నన్ను నారు పొయ్యమంటారా, మానెయ్యమంటారా?"

ఉత్తరం కింద ఇంకో రెండు ముక్కలు కూడా ఉన్నాయి. నాయనమ్మ ఇచ్చిన మన ఊరి ఉల్లి విత్తనాలను మావయ్య అంతకు ముందు ఏడు అక్కడికి పట్టుకుపోయి వేశాడట; గోళీకాయలంత గడ్డలు మాత్రం వచ్చాయట. అందుకని మావయ్య ఫోనులో, "ఈసారి లంబసింగిలో వేసి చూద్దాం. అక్కడ మా ఊళ్ళో లాగే చలి ఉంటుంది గదా!" అంటున్నాడట.

అమ్మాయీ, ముందు నీ ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. నారు నువ్వే పొయ్యి. మోకాలెత్తు ఆకు పెంచిన చేతికి వంక పెట్టటానికి లేదు. గడ్డ ఊరకపోవటానికి కారణం నీ చేతిలో లేదు, మీ నేలలో లేదు, నీళ్ళలో లేదు. అది ఎక్కడున్నదో తెలియాలంటే మీ ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండరు తియ్యాలి.

తెలుగు క్యాలెండర్లలో తిథి, నక్షత్రం, వర్జ్యం పక్కనే సూర్యోదయం, సూర్యాస్తమయం వేళలు కూడా వేస్తారు గదా! పిల్లలూ, మీరంతా డిసెంబరు 21 దగ్గర చూడండి. సూర్యుడు ఎప్పుడు ఉదయించాడో, ఎప్పుడు అస్తమించాడో రాసుకుని తీసివేత చెయ్యండి. రావికమతం వైపు పగలు 11 గంటలమీద నాలుగయిదు నిమిషాలు వస్తుంది. జూన్ 21 తేదీకి కూడా అలాగే లెక్క కట్టండి. 13 గంటలమీద పది నిమిషాలు వస్తుంది. సంవత్సరం మొత్తంలో మన అతి పెద్ద పగటికీ, అతి చిన్న పగటికీ తేడా రెండు గంటలే. మనకు పగలు పెరిగినట్టూ తెలియదు, తగ్గినట్టూ తెలియదు.

మావయ్య ఉండే మిన్నెసోటాలో మినియాపొలిస్ అనే పెద్ద పట్నం ఉన్నది. అది భూమధ్యరేఖకు ఉత్తరంగా 45వ అక్షాంశం దగ్గర ఉన్నది. రావికమతం 18వ అక్షాంశానికి కొంచెం ఇవతల ఉన్నది. మినియాపొలిస్‌లో డిసెంబరు 21న పగలు 9 గంటలైనా ఉండదు. పిల్లలు బడి నుంచి ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టుకోవాలి. జూన్ 21న మాత్రం పగలు పదిహేనున్నర గంటలు! రాత్రి భోజనాలయ్యాక కూడా వీధిలో వెలుతురు ఉంటుంది. భూమి 23న్నర డిగ్రీలు పక్కకు ఒరిగి సూర్యుడి చుట్టూ తిరగటం వల్ల ఇలా జరుగుతుంది. ఒక నారింజకాయకు పుల్ల గుచ్చి, కొంచెం వంచి పట్టుకుని, దీపం ముందు తిప్పి చూశారంటే పై భాగానికి వెలుతురు ఎంతసేపు తగులుతుందో, నడుం భాగానికి ఎంతసేపు తగులుతుందో మీకే కనిపిస్తుంది.

దీనికీ ఉల్లిగడ్డకూ ఏమిటి సంబంధం? చాలా ఉన్నది. ఉల్లిమొక్క పగటిని కొలుస్తుంది!

నేను వేళాకోళమాడుతున్నానని అనుకోకండి. ఈ సంగతి కనిపెట్టటానికి దారి తీసింది ఉల్లి కాదు, పొగాకు. అమెరికాలో మేరీలాండ్ మామత్ అని ఒక పొగాకు రకం ఉండేది. వేసవిలో పొలంలో వేస్తే అది మనిషిని మించి పెరిగేది, బుట్టలకొద్దీ ఆకు ఇచ్చేది. పువ్వు మాత్రం పూసేది కాదు. పువ్వు లేకపోతే విత్తనం ఎక్కడిది? అదే మొక్కను చలికాలంలో అద్దాల ఇంట్లో పెంచితే, చిన్నగా ఉండగానే పూసేది. ఆ దేశపు వ్యవసాయ శాఖలో పనిచేసే గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులకు ఇది పెద్ద చిక్కుముడి అయింది. వేడి కారణమేమో అనుకున్నారు, తేమ కారణమేమో అనుకున్నారు. ఏదీ నిలవలేదు. చివరకు 1918 వేసవిలో ఒక చీకటి గది కట్టించి, కుండీలలో ఉన్న మొక్కలను సాయంత్రం వెలుతురు ఉండగానే అందులోకి చేర్చి, మర్నాడు పొద్దెక్కిన తర్వాత బయటకు తెచ్చారు. అంటే ఎండాకాలంలో వాటికి దొంగ చలికాలం చూపించారన్నమాట. మొక్కలు మోసపోయి పూశాయి! పగటి పొడుగును బట్టి మొక్కలు నడుచుకుంటాయని 1920లో వాళ్ళు ప్రకటించారు.

అప్పటినుంచి ఏ మొక్క దగ్గరకు పోయినా శాస్త్రజ్ఞులకు ఇదే పరీక్ష. 1937లో మాగ్రూడర్ అనే ఆయన, ఇదే అలార్డ్, ఇద్దరూ కలిసి అమెరికా, ఐరోపా ఉల్లిరకాలను తీసుకుని, వేరువేరు పొడుగుల పగటిలో పెంచి, ఏది ఎన్ని గంటల పగటికి గడ్డ వేస్తుందో కట్టుదిట్టంగా తేల్చారు. ఆకులో వెలుతురును పసిగట్టే ఒక రంగుపదార్థం ఉన్నదని 1959లో రుజువయింది. దాని పేరు ఫైటోక్రోమ్. ఇంకా ఇటీవల, 2013లో, న్యూజీలాండ్ శాస్త్రజ్ఞులు ఉల్లిలో గడ్డ కట్టమని ఉత్తరువిచ్చే జన్యువు ఒకటి, పువ్వు పూయమని ఉత్తరువిచ్చే జన్యువు మరొకటి ఉన్నట్టు కనుక్కున్నారు. పగలు చాలినంత పొడుగు కానంత కాలం మూడో జన్యువు ఒకటి కాపలా కూర్చుని, మొదటిదాన్ని నోరెత్తనివ్వదట.

చాలినంత అంటే ఎంత? అది రకాన్ని బట్టి ఉంటుంది. మన దేశపు మైదానాలలో తరతరాలుగా పండే ఉల్లికి 11, 12 గంటల పగలు వస్తే చాలు, గడ్డ వెయ్యటం మొదలుపెడుతుంది. దీన్ని పొట్టిపగటి ఉల్లి అందాం. చలిదేశాల వాళ్ళు పండించే పెద్దగడ్డ రకాలకు 14 గంటలు, ఒక్కొక్కదానికి 16 గంటలు కావాలి. దీన్ని పొడుగుపగటి ఉల్లి అందాం. రెంటికీ మధ్యరకాలు కూడా ఉన్నాయి. ఆ మాటకొస్తే పొడుగుపగటి ఉల్లి కోసం సముద్రాలు దాటనక్కర లేదు. మన కాశ్మీరంలో జూన్‌లో పగలు 14 గంటలు దాటుతుంది, అందుకని ఉత్తరాది కొండలలో బ్రౌన్ స్పానిష్ వంటి పొడుగుపగటి రకాలు పండుతాయి.

ఇప్పుడు రావికమతం మడి దగ్గరకు రండి. అమ్మాయి వేసినది పొడుగుపగటి ఉల్లి. డిసెంబరులో నాటేటప్పుడు పగలు 11 గంటలు. ఏప్రిల్‌లో పన్నెండున్నర. పోనీ అని జూన్ దాకా ఆగినా 13 గంటల పది నిమిషాలు. ఆ మొక్క తనకు కావలసిన 14 గంటల పగలు ఇవాళ వస్తుందా, రేపు వస్తుందా అని చూస్తూ ఆకుమీద ఆకు వేసుకుంటూ కూర్చున్నది. ఆ పగలు రావికమతంలో ఏనాడూ రాదు. నువ్వు పోసిన నీళ్ళన్నీ ఆకుకే పోయాయి. అందుకే అది మోకాలి దాకా ఎదిగింది.

మిన్నెసోటాలో మన నాయనమ్మ విత్తనానికి సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. ఆయన నారు నాటింది మేలో అయి ఉంటుంది. మే 10 నాటికి అక్కడ పగలు పద్నాలుగున్నర గంటలు. మన ఉల్లి పన్నెండు గంటలకే గడ్డ కట్టేది! కళ్ళు తెరిచేసరికి నడినెత్తిన పొద్దున్నట్టయింది దాని పని. మూడు నాలుగు ఆకులైనా సరిగా ఎదగకముందే "అమ్మో, వేళ మించిపోయింది" అని ఉన్న ఆకులతోనే గడ్డ కట్టేసింది. గోళీకాయలు కాక ఇంకేమవుతాయి?

ఈ చోట మీరు ఉల్లిగడ్డ అంటే ఏమిటో తెలుసుకోవాలి. అది వేరు కాదు, కాయ కాదు. ఆకుల అడుగుభాగాలే ఉబ్బి, ఒకదాన్ని ఒకటి కప్పుకుని గడ్డ అవుతాయి. గడ్డ వెయ్యటం మొదలయ్యే నాటికి మొక్కకు ఎన్ని మంచి ఆకులున్నాయో, గడ్డ అంత లావెక్కుతుంది. అందుకే ఉల్లి వేసేవాడు రెండు పనులు చెయ్యాలి: తన చోటు పగటికి తగిన రకం ఎంచుకోవాలి, ఆ పగలు వచ్చేలోగా మొక్క ఆకు పెంచుకోవటానికి వ్యవధి ఉండేట్టు ముందుగా వెయ్యాలి. ఆలస్యంగా నాటితే రకం మంచిదైనా గడ్డ చిన్నదవుతుంది.

చలిదేశాల వాళ్ళు ఈ వ్యవధి కోసం పడే పాట్లు వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. మిన్నెసోటాలో చలికాలమంతా నేల గడ్డకట్టి రాయిలా ఉంటుంది, గునపం దిగదు. పైన మంచు. అలాటప్పుడు, ఫిబ్రవరిలోనే, వాళ్ళు ఇంట్లో పళ్ళాలలో ఉల్లి గింజలు చల్లుతారు. పళ్ళెంలో మట్టికి బదులు తేలికగా, గుల్లగా ఉండే ఎరువు మిశ్రమం పోస్తారు. మొలక రావటానికి వారం పది రోజులు పడుతుంది. కిటికీలో వెలుతురు చాలక పైన దీపాలు వేలాడగడతారు. నారు పీలగా ఎదిగి వాలిపోకుండా అప్పుడప్పుడు కత్తెరతో కొనలు కత్తిరించి నాలుగు వేళ్ళ ఎత్తు ఉంచుతారు. (ఆ కొనలు పారెయ్యరు, పప్పులో వేసుకుంటారు. మావయ్యను అడిగి చూడు!)

ఏప్రిల్ వస్తుంది, మంచు కరుగుతుంది. అప్పుడు కూడా నారును ఒక్కసారిగా బయట నాటటానికి వీలులేదు. ఇంట్లో పెరిగిన నారుకు గాలి తెలియదు, ఎండ తెలియదు. మొదటి రోజు గంట, రెండు గంటలు నీడలో పెట్టి లోపలికి తెస్తారు, మర్నాడు ఇంకొంచెంసేపు, అలా వారం పది రోజులు రాటుతేలనిస్తారు. నేల గునపానికి లొంగి, ఒక మాదిరిగా వెచ్చబడ్డాక, ఏప్రిల్ ఆఖరునో మే మొదట్లోనో నాటుతారు. ఉల్లి కాస్త మంచుకు ఓర్చుకుంటుంది. టొమాటో, మిరప, వంగ ఓర్చుకోలేవు. మన వాళ్ళు అక్కడ ఎంతో ముచ్చటపడి పెంచుకునే గోంగూర కూడా ఓర్చుకోలేదు. వాటిని మే నెల చివరిదాకా ఇంట్లోనే బుజ్జగించాలి. ఇంత తొందర ఎందుకంటే, జూన్ నెల పెద్ద పగలు వచ్చేసరికి ఉల్లికి దండిగా ఆకు ఉండాలి గనక. ఆగస్టులో తవ్వేసరికి గడ్డ నిజంగానే రెండు చేతులలో పట్టేంత ఉంటుంది. పొట్లంమీద బొమ్మ అబద్ధం కాదు. దానికి కావలసిన పగలు ఎన్ని గంటలో పొట్లంమీద పెద్ద అక్షరాలతో వేసి ఉంటే ఈ తంటా రాకపోను.

ఇంకో తమాషా చెబుతాను. సంక్రాంతి నాటి మీ ఊరి గాలినీ, జూలై నెల మినియాపొలిస్ గాలినీ పోల్చి చూస్తే, వేడి ఇంచుమించు ఒకటే! మధ్యాహ్నం 28 డిగ్రీల దగ్గర, తెల్లవారుజామున 18 డిగ్రీలకు అటూ ఇటూ. ఆ గాలి ఒంటికి తగిలితే మావయ్యకు రావికమతం సంక్రాంతి జ్ఞాపకం వచ్చే ఉంటుంది. అందుకే ఆయన మోసపోయాడు. మనిషి ఒంటికి వేడి, చలి తెలుస్తాయి గాని పగటి పొడుగు తెలియదు. ఉల్లికి రెండూ తెలుస్తాయి.

ఇక లంబసింగి సంగతి. నర్సీపట్నం నుంచి చింతపల్లి పోయే ఘాట్ రోడ్డు ఎక్కితే లంబసింగి వస్తుంది. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరి నెలలలో కొన్ని ఏళ్ళు అక్కడ తెల్లవారుజామున వేడి సున్నా డిగ్రీల దాకా దిగుతుంది. దాన్ని ఆంధ్రా కాశ్మీరం అని పిలుచుకుంటారు, చూడటానికి బస్సులలో జనం పోతారు. కాని ఎంత ఎత్తు ఎక్కినా మీరు ఉత్తరానికి పోయినట్టు కాదు గదా! లంబసింగి, రావికమతం రెండూ దాదాపు ఒకే అక్షాంశంమీద ఉన్నాయి. అక్కడా డిసెంబరులో పగలు 11 గంటలే, జూన్‌లో 13 చిల్లరే. మావయ్య ఉల్లి అక్కడ కూడా ఊరదు. కొండ ఎక్కితే చలి దొరుకుతుంది, పగలు దొరకదు.

పైపెచ్చు చలి వల్ల ఇంకో చిక్కు కూడా ఉన్నది. ఉల్లి రెండేళ్ళ మొక్క. మొదటి ఏడు గడ్డ వేస్తుంది. ఆ గడ్డ చలికాలం దాటి మళ్ళీ మొలిచినప్పుడు మధ్యలోంచి బోలు కాడ ఒకటి లేచి, దాని చివర తెల్లటి పూలబంతి వస్తుంది, విత్తనం కడుతుంది. నారు ముదిరి, కాడ పెన్సిలంత లావైన తర్వాత కొన్ని వారాల పాటు 10 డిగ్రీల లోపు చలి తగిలిందంటే, "ఓహో, ఒక ఏడు గడిచిపోయింది" అనుకుని గడ్డ మాట మరిచి పువ్వుకాడ తీస్తుంది. అలా పువ్వు తీసిన గడ్డ నడుమ గట్టి పుల్ల ఉంటుంది, నిలవ ఉండదు. మీ మడిలో ఎప్పుడైనా ఒకటీ అరా పూస్తే ఆ గడ్డలు ముందు వాడేసుకోండి.

ఈ నాలుగు మాటలు పెద్దలు చదవాలి. విదేశాల నుంచి విత్తనాలు జేబులో వేసుకుని రావటం, ఇక్కడివి పట్టుకుపోవటం చాలామంది ప్రేమకొద్దీ చేసే పని. కాని విత్తనంతో పాటు కంటికి కనబడని తెగుళ్ళు కూడా ప్రయాణం చేస్తాయి. అందుకే మన దేశంలో 2003 నాటి మొక్కల దిగ్బంధన ఉత్తరువు ప్రకారం అనుమతిపత్రం, రోగం లేదన్న ధ్రువపత్రం లేకుండా విత్తనాలు తేకూడదు. అవతలి దేశాలకూ అలాటి చట్టాలున్నాయి. పొట్లంలో ఇంకా గింజలు మిగిలి ఉంటే చల్లకండి. ఉల్లి గింజ ఎలాగూ ఏడాది తిరిగేసరికి మొలకెత్తే శక్తి చాలావరకు పోగొట్టుకుంటుంది. మావయ్యకు అక్కడి దుకాణంలోనే తన ఊరి పగటికి తగిన విత్తనం దొరుకుతుంది. అత్తవారింటికీ పుట్టింటికీ మధ్య విత్తనాలకు బదులు కబుర్లు పంపుకోండి.

అమ్మాయీ, ఇక నీ మడి. మీ నాన్నను శీతకాలపు పంటకు పనికివచ్చే రకం తెమ్మను. ఆగ్రిఫౌండ్ లైట్ రెడ్ గాని, పూనా దగ్గర రాజగురునగరంలోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ వారి భీమా శక్తి, భీమా కిరణ్ గాని బాగుంటాయి. ఎన్-53, ఆగ్రిఫౌండ్ డార్క్ రెడ్ అనేవి వానకాలపు పంటకు; అవి ఇస్తే ఇప్పుడు వద్దని చెప్పాలి. చూశావా, పొట్టిపగటి ఉల్లిలో కూడా కాలం చూసుకోక తప్పదు. మీ ఊళ్ళో ఏటా వేసే విత్తనం ఉన్నదంటే, అది అక్కడి పగటికి అలవాటుపడినదే. దానికి మించినది లేదు. కొత్త విత్తనమా, కిరుటిదా అని మాత్రం అడుగు.

నారుమడి జానెడుకు కాస్త తక్కువ ఎత్తున, మీటరు వెడల్పున కట్టించు. పల్లంలో పోస్తే నీరు నిలిచి నారు మొదట్లో కుళ్ళుతుంది. బాగా చివికిన పశువుల గెత్తం కలిపి, వేలితో సన్నటి గీతలు గీసి, గింజలు పలచగా రాల్చి, పైన పొడిమట్టి కప్పు. గింజ సెంటీమీటరు లోతుకు మించి పోకూడదు. పైన ఎండుగడ్డి పలచగా పరిచి చిల్లుల డబ్బాతో నీళ్ళు చిలకరించు. మొలక కనిపించిన నాడే గడ్డి తీసెయ్యాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు గడ్డిలో చిక్కుకుని పాలిపోతాయి. ఈ పొరపాటు నేను ఒక్కసారి కాదు, రెండుసార్లు చేశాను.

ఆరు, ఏడు వారాలకు నారు ఎదుగుతుంది. డిసెంబరు మొదట్లో, వరసకూ వరసకూ 15 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 10 సెంటీమీటర్లు వదిలి నాటు. ఉల్లి వేళ్ళు లోతుకు పోవు, కాబట్టి ఒకేసారి మడి నింపకుండా కొద్దికొద్దిగా తరచు తడుపుతూ ఉండాలి. కలుపు చేత్తోనే పీకాలి, గునపం పెడితే వేళ్ళు తెగుతాయి. డిసెంబరు, జనవరి నెలలు ఆకు పెరిగే కాలం. రథసప్తమి దాటి పగలు సాగుతున్నకొద్దీ, ఎండ కూడా తోడై, మొక్క మొదట్లో కాడ ఉబ్బటం కనిపిస్తుంది. మార్చి ఆఖరుకు ఆకుల మెడలు మెత్తబడి సగం మొక్కలు వాటంతటవే వాలిపోతాయి. అప్పుడు తవ్వాలి. అంతకు పది పదిహేను రోజుల ముందే నీళ్ళు మానెయ్యాలి. మొక్కలను తొక్కి వాల్చేవాళ్ళు కూడా ఉన్నారు. అదేం తొందరో నాకు అర్థం కాదు. తవ్విన గడ్డలను ఆకుతో సహా కొన్నాళ్ళు ఆరనిచ్చి, మెడ రెండు సెంటీమీటర్లు ఉంచి కోసి, గాలాడే నీడలో పెట్టుకుంటే నిలవ ఉంటాయి.

చివరికి ఒక పరీక్ష. నాటిన రోజే ఒక మొక్కకు ఎర్రదారం కట్టు. వారం వారం దానికి వచ్చిన కొత్త ఆకు ఒక్కొక్కటీ లెక్కవేసి, ఆ నాటి పగలు క్యాలెండరులో చూసి, రెండూ పక్కపక్కనే నోటుబుక్కులో రాసుకో. ఎండి రాలిన ఆకులను కూడా లెక్కలోంచి తియ్యకు. కాడ ఎప్పుడు ఉబ్బటం మొదలుపెట్టిందో ఆ తేదీ కింద గీత గియ్యి. ఏప్రిల్‌లో ఆ గడ్డను మీ నాయనమ్మ చేతికిచ్చి అడ్డంగా కొయ్యమని, ఆమె పక్కనే కూర్చుని పొరలు లెక్కపెట్టు. పొరల లెక్క, ఆకుల లెక్క సరిగ్గా కలవకపోవచ్చు. పైన ఎండి పొట్టు అయినవి కొన్ని, లోపల ఆకు తియ్యకుండా పొరగానే ఉండిపోయినవి కొన్ని ఉంటాయి. ఏవి ఎన్నో నాకు ఉత్తరం రాయి. నాయనమ్మ ఏమన్నదో కూడా రాయి.